తుండు కింద బేరం

పోయిన వారం మోహనను గడప దగ్గర వదిలేశాం, ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట.

ఆమె తొందరకు కారణం ఉంది. పుత్తూరులో పంకజాక్షి నేయించే చీరలకు ఫోటోలు తీసి పంపడం మోహనకు దొరికిన మొదటి పని. డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద చేరిన పదకొండేళ్లకు దొరికిన పని. తీరా మొదలుపెట్టాక, ఆమె పాత ఫోన్ వంగపండు రంగు చీరను నీలంగా చూపించింది. నీలం అనుకుని తెప్పించుకున్నవాళ్లు ముగ్గురు పెట్టె విప్పి చూసి, వెంటనే తిప్పి పంపేశారు. "శుక్రవారానికి నలభై చీరలు మోహనా. ఉండే రంగు ఉండేట్టు రావాల. రాకుంటే స్టూడియో వాళ్లకిచ్చేస్తా, మనసులో పెట్టుకోవద్దు" అని పంకజాక్షి తేల్చి చెప్పింది. చెప్పింది మంగళవారం రాత్రి. ఇవాళ బుధవారం.

కొత్త ఫోన్ కొనడానికి, తిరిగొచ్చిన చీరల్లో ఒకదాన్ని సంచిలో పెట్టుకుని మోహన బయల్దేరుతుంటే, ఆమె మామ గోవిందయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు.

"నోరు లేనిదాన్ని కొనేటప్పుడు నేను లేకుంటే ఎట్లమ్మా?"

"అది ఫోను మామా. మాట్లాడించడమే దాని పని."

"మాట్లాడేదైతే ఇంకా జాగర్తగా సూడాల" అన్నాడు గోవిందయ్య.

ఆయన ముప్పై ఏళ్లు పశువుల సంతలో దళారి. ఎద్దును కొన్నా, కుక్కర్ కొన్నా, పిల్లనిచ్చే ఇల్లు చూసినా ఆయన చూసే పద్ధతి ఒకటే. నెల కిందట బాత్రూములో జారి ఎడమ మణికట్టు విరిగితే, ఎముక అతకడానికి పుత్తూరు కట్టు వేయించారు. ఈ సోమవారం ఆ కట్టు మార్పించుకుని వస్తానని తోడెవరూ వద్దని పుత్తూరు బస్సెక్కి, సాయంత్రం కాఫీ వేళకు తిరిగొచ్చాడు. ఆటోలో పక్కన కూర్చున్నప్పుడు మోహన ఆ కట్టు వైపు చూసింది. సాంబారు మరక. పోయిన ఆదివారం పడ్డ మరక లాంటిదే, అదే చోట. కొత్త కట్టు మీద కూడా అప్పుడే పోసుకున్నాడు కాబోలు అనుకుంది.

ఆటో కదలగానే భర్త బాలచంద్ర ఫోన్ చేశాడు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా. ఫోన్ల గురించి యూట్యూబులో ఎవరేం చెప్పినా చూస్తాడు. అతని ఫోన్ అద్దం పగిలి మూడేళ్లయింది. సరైన ఫోన్ ఇంకా మార్కెట్లోకి రాలేదని ఆగి ఉన్నాడు.

"మోహనా, ప్రాసెసర్ ఏందో ముందు అడుగు. ర్యామ్ ఎనిమిదికి తగ్గరాదు. అమోలెడ్ లేదన్నారంటే లేచి వచ్చెయ్."

"ఇంకా కూర్చోనన్నా కూర్చోలేదండీ."

తిరుపతి నడిబొడ్డున నాలుగుకాళ్ల మండపం దగ్గర ఆటో దిగారు. ఇత్తడి సామాన్ల కొట్టుకూ ఒక లాడ్జికీ మధ్య సన్నటి మెట్లున్నాయి. ఫోన్ల షాపు పైన అని బోర్డు. మోహన ఆ బోర్డు చదివి ముగించేలోపే గోవిందయ్య నాలుగు మెట్లు ఎక్కేశాడు. పైకి వెళ్లి తలుపు చాటున ఉన్న అరలో చెప్పులు పెట్టి, "ఈడ ఇడవాలమ్మా" అన్నాడు.

లోపల ఏసీ. చలికి గోవిందయ్య తుండు మెడకు చుట్టుకున్నాడు. కౌంటరు దగ్గర, కొండ దిగి నేరుగా వచ్చిన ఒక భక్తుడు గుండుకు గంధం పూసుకుని నిలబడి, తన ఫోన్‌ను ముఖానికి దగ్గరగా, దూరంగా, పక్కగా పెట్టి చూస్తున్నాడు.

"మేడమ్, నా ఫోన్ నన్ను గుర్తుపట్టడం లేదు."

"గుండు చేయించుకొన్నంక అందరిదీ అంతే అన్నా. నంబరు కొట్టండి" అంది కౌంటరు వెనక ఉన్న అమ్మాయి. ఆమె పేరు భానుప్రియ అని చొక్కా మీది బిళ్ల చెబుతోంది.

"నంబరు మర్చిపోయాను. ముఖం ఉంది కదా అని."

గోవిందయ్య ఆ భక్తుణ్ణి జాలిగా చూశాడు. "నా బూడిదరంగు మైలెద్దు ఉన్నిందబ్బా. నేను కొండకు పోయి గుండు కొట్టించుకోనొస్తే, ఆమడ దూరంలో వాసన పట్టి అరిసేది. దానికేం నంబరు లేదు."

మోహన తన అవసరం చెప్పింది. పద్దెనిమిది వేల లోపు. ఫోటోలు బాగా రావాలి. భానుప్రియ ముఖం వెలిగింది. అలాంటివాళ్లకు చూపించే ఫోన్ వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. గాజుపెట్టె మధ్యలో, చుట్టూ దీపాలు పెట్టి నిలబెట్టిన దాన్ని చూపించి, "ఆరు వేలు తగ్గించినాము అక్కా, ఈ వారమే. మీ ముఖం తీస్తా, మీరే చూడండి" అని టక్కున ఫోటో తీసింది.

మోహన చూసింది. ఫోటోలో ఉన్నావిడ తెల్లగా, నున్నగా, పెళ్లి పత్రిక మీది బొమ్మలా ఉంది. చిన్నప్పుడు బావి గట్టు మీద పడితే ఎడమ కనుబొమ్మ పైన మిగిలిన మచ్చ మాయమైపోయింది.

"ఇది నేను కాదు."

"మీరే అక్కా. ఎంత బాగా వచ్చినారు!"

"బాగా వచ్చింది. ఎవరో వచ్చింది. నా మచ్చ ఏది?"

"దాన్ని ఫోనే తీసేస్తుంది అక్కా. చెప్పే పని లేదు."

గోవిందయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "ముసిలెద్దుకు కొమ్ములు చెక్కి, నూనె పట్టించి, నెరిసిన చోట మసి పూసి తెస్తారు సంతకు. వాన పడే దాకా బాగుంటాది. అమ్మాయ్, దీనికి పండ్లెన్ని?"

భానుప్రియ మోహన వైపు చూసింది. ఎనిమిది నెలల ఉద్యోగంలో ఆ ప్రశ్న ఆమెకు ఎదురైనట్టు లేదు.

"పశువు వయసు పండ్లు చూసి చెప్తారు" అంది మోహన, మామ తరఫున కాస్త సిగ్గుపడుతూ. అలా చెబుతుండగానే ఆ ప్రశ్న తానే అడగవలసిందని తోచింది. "ఈ మోడల్ వచ్చి ఎన్నాళ్లయింది? ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయి?"

భానుప్రియ తన ఫోన్‌లో వెతికింది. గొంతు తగ్గింది. "వచ్చి రెండేండ్లు దాటిందక్కా. అప్‌డేట్లు... ఇంకో ఆరు నెలలు."

"పండ్లు అరిగినాయి. అందుకే ఆరు వేలు తగ్గించినారు" అన్నాడు గోవిందయ్య తృప్తిగా. "కాడికి పనికిరాదు. తోలెయ్."

మోహన సంచిలోంచి చీర తీసి కౌంటరు మీద పరిచింది. తొడిమ దగ్గర ముదిరిన వంకాయ రంగు, ఆవపిండి రంగు అంచు. షాపు దీపాల కింద ఆ చీర కూడా తానెవరో మర్చిపోయినట్టు ఉంది.

"ఈ వెలుతురులో కాదు. మెట్ల దగ్గర ఎండ పడుతోంది, అక్కడికి ఫోన్లు పట్టుకు రామ్మా."

"రావక్కా. వైరు కట్టి ఉండాది." ప్రతి ఫోన్ వెనకా దొంగతనం కాకుండా ఒక వైరు, అది బల్లకు బిగించి ఉంది.

"పలుపు ఇప్పించు" అన్నాడు గోవిందయ్య. "కట్టుకొయ్యకాడ నిలబెట్టి ఎద్దును కొంటారా ఎవురన్నా?"

పలుపు విప్పే తాళం యజమాని సునీల్‌కుమార్ దగ్గర ఉంటుంది. లోపలి గదిలోంచి అతను వచ్చాడు. నలభై ఏళ్లవాడు, నుదుట కుంకుమ, చేతిలో సగం తిన్న మసాలా వడ. గోవిందయ్యను చూసి ఆగాడు.

"పెద్దాయనా, మీరు మొన్న..."

"మొన్న కాదు నాయనా, ఇప్పుడు. ముందు పలుపు ఇప్పు. ఎండ పోతాది."

ఎండ ఎక్కడికీ పోయేలా లేదు. పదకొండు గంటల తిరుపతి ఎండ. అయినా సునీల్‌కుమార్ వడ నోట్లో కుక్కుకుని తాళం తీశాడు.

మెట్ల పైన ఉన్న కొంచెం చోటులో చీర కటకటాల మీద వేలాడింది. మోహన ఒక్కొక్క ఫోన్‌తో ఒక్కొక్క ఫోటో తీసింది. మొదటి ఫోన్ చీరను నీలం చేసింది. రెండోది పెళ్లి పందిరి సీరియల్ లైట్లలా మెరిపించింది. మూడోదానిలో నూరు మెగాపిక్సెళ్ల పైన ఉన్నాయి. పోగులు లెక్కపెట్టుకోవచ్చు, కాని అవి నేరేడు పండు రంగు పోగులు. భానుప్రియకు మాత్రం రెండోది నచ్చింది.

"నాకైతే ఇదే బాగుండాదక్కా. నేనైతే ఇది చూసే కొంటా."

"కొంటావు. పెట్టె విప్పి చూసి తిప్పి పంపిస్తావు. బాగుండడం వేరమ్మా, ఉన్నట్టు ఉండడం వేరు."

భానుప్రియ చీరను చూసింది, ఫోన్‌ను చూసింది. నాలుగో ఫోన్ తెచ్చింది. అది చీరను నల్లగా చూపించింది. మోహన రోజులు లెక్కపెట్టుకుంది. శుక్రవారం అంటే ఎల్లుండి. ఈ షాపులో ఆమె ధరకు దొరికేవి ఇంతేనేమో. స్టూడియో వాళ్ల దగ్గర లక్షన్నర కెమెరా ఉందని పంకజాక్షి అన్న మాట గుర్తొచ్చింది.

లోపల్నుంచి గోవిందయ్య గొంతు వినిపించింది. "అమ్మాయ్, కింది అరలో మూలకు ఉండేదాన్ని తియ్యి."

"దాన్ని ఎవురూ అడగరు తాతా. ఆఫర్ లేదు, దాని మీద యాక్టరు ఫోటో కూడా లేదు."

"అందుకే తియ్యమంటుండేది."

మోహన ఆ ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని తెచ్చి చీర మీదే పెట్టింది. ఫోన్‌లో చీర ఎక్కడ ముగిసిందో, బయట చీర ఎక్కడ మొదలైందో ఒక్క క్షణం తెలియలేదు. తన కళ్ల మీద తనకే అనుమానం వచ్చి, మెట్ల మీద కూర్చుని పాత నంబర్లు గుర్తు తెచ్చుకుంటున్న గుండు భక్తుణ్ణి పిలిచింది.

"అన్నా, ఇది ఏం రంగు?"

"వంకాయ."

"ఇది?" అని రెండో ఫోన్ చూపించింది.

"అది సర్కస్."

అయినా మోహన తొందరపడలేదు. కూరగాయల బండివాడు కూడా మంచి కాయను పైనే పెడతాడు. "వరసగా నలభై తీస్తాను" అంది.

"అదీ మాట!" అన్నాడు గోవిందయ్య. "ఒట్టి ఎద్దు యాడైనా నడుస్తాది. బండి కట్టి, బస్తాలేసి, మిట్ట ఎక్కించాల."

చీరను మడిచి, విప్పి, కొంగు చూపించి, అంచు చూపించి మోహన నలభై ఫోటోలు తీసింది. గోవిందయ్య బయటికి వచ్చి ఫోన్ వీపు మీద అరచెయ్యి ఆనించాడు. పశువుకు జ్వరం ఉందేమోనని చెవి పట్టి చూసే చెయ్యి అది. "సల్లగా ఉండాది" అన్నాడు.

అప్పుడే బాలచంద్ర మళ్లీ చేశాడు. "ప్రాసెసర్ ఏందంట?"

"నలభై ఫోటోలకు జ్వరం రాలేదండీ."

"అది స్కోరు కాదు మోహనా!"

"నాకు అదే స్కోరు."

ఆ ఫోన్‌లో లోపాలు లేకపోలేదు. పాట పెడితే డబ్బాలో రాళ్లు వేసినట్టుంది. ఛార్జింగు నిదానం. షాపు మూల చీకట్లో తీస్తే ఫోటో మసకబారింది. మోహన అన్నీ చూసింది. తాను ఫోటోలు తీసేది మేడ మీద పగటిపూట. పాటలు వినేది రేడియోలో. తనకు అక్కర్లేని గొప్పలకు తానెందుకు డబ్బివ్వాలి? అందరూ అడిగేదానికి ధర పెరుగుతుంది, తనకు కావలసినది మూలన పడి ఉంది. "ఇదే ఇవ్వమ్మా" అంది.

ధర పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. భానుప్రియ బిల్లు రాయబోతుంటే గోవిందయ్య చెయ్యెత్తి ఆపాడు. మెడలోంచి తుండు తీసి, విదిలించి, కుడి చేతి మీద కప్పుకుని కౌంటరు మీదికి చాచాడు.

భానుప్రియ నవ్వుతూ, ఏదో ఆట అనుకుని, చెయ్యి ముందుకు పెట్టింది. గోవిందయ్య నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు బిడ్డా! ఆడబిడ్డ చెయ్యి పట్టుకోరాదు. ముప్పై ఏండ్లు సంతలో చేసినా, ఒక్క ఆడమనిషితో తుండు కింద బేరం చెయ్యలేదు. ఎవుర్నైనా అడుగు. మీ యజమానిని పిలువు."

"తుండు కింద ఏం బేరం తాతా?"

మోహన చెప్పింది. సంతలో ధర నోటితో చెప్పరు. పదిమంది చెవిన పడకూడదు. తుండు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టి చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు. ఒప్పుకోకపోతే వేలు విదిలిస్తారు. ఒప్పుకుంటే చెయ్యంతా పట్టేస్తారు. చెయ్యి పట్టాక వెనక్కి పోవడం లేదు. ఇంట్లో పెళ్లి ఆగినా అది ఆగదు.

సునీల్‌కుమార్ వచ్చి కూర్చున్నాడు. "ఇది కంపెనీ రేటు పెద్దాయనా, బేరం ఉండదు. అది సరే గాని, మొన్న మీరు..."

తుండు అతని చేతి మీద పడింది. ఆ వెంటనే గోవిందయ్య చెయ్యి లోపలికి దూరింది. సునీల్‌కుమార్ మాట సగంలో ఆగిపోయింది.

"ఏందిది? అబ్బా, చక్కిలిగింతలు పెడతాండారు!"

"మాట్లాడకూడదు" అన్నాడు గోవిందయ్య గంభీరంగా, కళ్లు పైకప్పు మీద పెట్టి. తుండు కింద ఏదో కదిలింది. సునీల్‌కుమార్ మెలికలు తిరిగాడు. గుండు భక్తుడు తన ఫోన్ సంగతి మర్చిపోయి దగ్గరికి వచ్చాడు. ఛార్జరు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఆగారు. సునీల్‌కుమార్ నవ్వు పట్టలేక, వేళ్లను వదిలించుకోవడానికి గోవిందయ్య చేతిని గట్టిగా, మొత్తంగా పట్టుకున్నాడు.

"కుదిరింది!" అన్నాడు గోవిందయ్య, తుండు లాగి.

"ఏం కుదిరింది?"

"బేరం. చెయ్యి పట్టినావు. ఇంతమంది చూసినారు."

"నేను చక్కిలిగింతకు పట్టుకొన్నాను!"

"ఎందుకు పట్టినావో తుండుకు తెలీదు నాయనా."

"చెయ్యి పట్టారు సార్, నేను చూశాను" అన్నాడు గుండు భక్తుడు. ఛార్జరు ఆడవాళ్లు కూడా తల ఊపారు. భానుప్రియ బిల్లు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సునీల్‌కుమార్ చెమట తుడుచుకున్నాడు. "సరే, ఇంతకీ ఎంతకు పట్టుకొన్నాను?"

"అది నోటితో చెప్పే మాట కాదు." గోవిందయ్య లేచి, కౌంటరు మీదికి వంగి, అతని చెవిలో ఏదో చెప్పాడు. కాస్త ఎక్కువసేపే చెప్పాడు. సునీల్‌కుమార్ ముఖంలో మొదట భయం, తర్వాత ఆశ్చర్యం, ఆ తర్వాత, ఇది మోహనకు వింతగా తోచింది, ఒక రకమైన మర్యాద కనిపించాయి. "అంతేనా? అంతే కదా? సరే పెద్దాయనా" అని, భానుప్రియతో, "అయిదు వందలు తగ్గించి రాయి. అద్దం మీది కాగితం, పౌచు ఊరికే ఇచ్చెయ్" అన్నాడు.

అయిదు వందలు. పలుపుతాడు కొనడానికి అరగంట బేరమాడే మనిషి, ఇంత తతంగం చేసి అయిదు వందలకు చెయ్యి వదిలేశాడు. వయసు మీద పడుతోంది పాపం అనుకుంది మోహన. మనసు మెత్తబడింది. మధ్యాహ్నం ఆయనకిష్టమైన చింతచిగురు పప్పు చేయాలనుకుంది.

భానుప్రియ కొత్త ఫోన్ పెట్టె విప్పుతోంది. శుక్రవారం గురించిన భయం మోహన గుండెలోంచి మెల్లగా దిగిపోయింది. చివరిసారి ఆ వంకాయ రంగు చూసుకుందామని, తాను పరీక్ష పెట్టిన షాపు ఫోన్‌ను చేతిలోకి తీసుకుంది. చీకటి మూలలో తీసినదాన్ని దాటి, నలభై ఫోటోలు వెనక్కి జరిపింది. నలభై ఒకటో ఫోటో, తాను మొదట తీసినది. అక్కడ ఆగవలసిన వేలు ఇంకొంచెం జరిగింది.

ఎవరో తీసిన సీలింగ్ ఫ్యాను. ఎవరిదో బొటనవేలు. తర్వాతది, సోమవారం ఉదయం పదిన్నర.

ఇదే షాపు. ఇదే కుర్చీ. కుర్చీలో గోవిందయ్య. సాంబారు మరక ఉన్న కట్టు ఒళ్లో పెట్టుకుని, కళ్లు పైకప్పు మీద పెట్టి కూర్చున్నాడు. ఆయన కుడి చేతి మీద తుండు కప్పి ఉంది. ఆ తుండు కిందికి అవతలి నుంచి ఒక చెయ్యి దూరి ఉంది. గాజులున్న చెయ్యి. నిమ్మపండు రంగు చీర, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు, పెదవుల మీద ఆపుకున్న నవ్వు.

పంకజాక్షి.

మోహన రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసింది. పుత్తూరులో కట్టు కట్టించుకుంటున్నానన్న వేళకు, ఒక్క ఆడమనిషితోనూ చెయ్యలేదన్న బేరం. తనకు గడువు పెట్టింది పంకజాక్షి. ఈ షాపు మెట్లు తనకన్నా ముందెక్కింది మామ. మూలనున్న ఫోన్ తీయమన్నదీ మామే. ఇందాక చెవిలో మాటకు సునీల్‌కుమార్ ఒప్పుకున్నది ఫోన్ ధర కాదని, సోమవారం మాట ఎత్తకపోవడానికని ఇప్పుడు ఆమెకు తెలిసింది. మరి సోమవారం ఈ ఇద్దరూ దేని ధర తేల్చుకున్నారు? తన పనిదా? ఏ వేలు పట్టుకున్నారు?

"ఏమ్మా, ఫోను మంచిదేనా?" కుర్చీలోంచి గోవిందయ్య అడిగాడు.

"మంచిదే మామా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది" అని మోహన ఫోన్‌ను ఆయన వైపు తిప్పింది.

గోవిందయ్య చూశాడు. సునీల్‌కుమార్ చటుక్కున లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. ముసలాయన భుజం మీది తుండు మెల్లగా తీసి, కుడి చేతి మీద సరిగా కప్పుకుని, ఆ చెయ్యి కోడలి వైపు చాచాడు.

"అమ్మా, ఒకసారి చెయ్యి ఇట్లియ్యి."